నాలుగు సెకన్ల లెక్క

పొయ్యి మీద పాలు పొంగేసరికి వాటి వేడి నూరు డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. క్షయ, టైఫాయిడ్ వంటి జబ్బులు తెచ్చే సూక్ష్మజీవులు ఆ వేడికి క్షణాల్లో చస్తాయి. అయినా ఆ పాలను గిన్నెలో మూతపెట్టి వదిలేస్తే ఎండాకాలంలో మర్నాటికి విరిగిపోతాయి. దుకాణంలో దొరికే అట్టపెట్టె పాలు మాత్రం, విప్పనంతకాలం, ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తాయి. వాటిలో నిలవ ఉండే మందు ఏదో కలుపుతారని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ కలపనక్కర్లేదు. ఆ పాలను సుమారు 140 డిగ్రీల దాకా వేడిచేసి, ఆ వేడి మీద నాలుగు సెకన్ల పాటు ఉంచి, వెంటనే చల్లార్చి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన పెట్టెలోకి అంతే శుద్ధమైన వాతావరణంలో నింపుతారు. పాడిపరిశ్రమలో దీన్ని యూహెచ్‌టీ పద్ధతి అంటారు.

నాలుగు సెకన్లు సరిపోతాయని ఎలా తెలిసింది? ఒక సెకను ఎందుకు చాలదు, అరనిమిషం ఎందుకు వద్దు? గంటకు పదివేల లీటర్లు నడిచే కర్మాగారంలో ఇలాంటి ప్రశ్నలకు ప్రయోగం చేసి జవాబు వెతకడం కుదరదు. ఒక్కో ప్రయత్నానికి వేల లీటర్ల పాలు కాలవపాలవుతాయి. అందుకే శాస్త్రవేత్తలు బల్ల మీద పట్టేంత యంత్రాలు తయారుచేసుకున్నారు. గంటకు పది ఇరవై లీటర్ల పాలతో పనిచేస్తూ, పెద్ద కర్మాగారంలో పాలకు తగిలే వేడిని సెకను తేడా లేకుండా తగిలించడం వీటి పని. ఆ పని ఎంత కష్టమో, దాన్ని ఎలా సాధించారో ఈ అధ్యాయంలో చూద్దాం.

నూరు డిగ్రీలకు లొంగనివి

పాలలోని బాక్టీరియాలో చాలా జాతులు 72 డిగ్రీల వద్ద పదిహేను సెకన్లకే చస్తాయి. మనకు రోజూ ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చే పాలకు చేసే పాశ్చరీకరణ ఇదే. ఎక్కువ వేడి, తక్కువ సమయం అన్న అర్థంలో దాన్ని హెచ్‌టీఎస్‌టీ పద్ధతి అంటారు. బాసిల్లస్, క్లాస్ట్రిడియం ప్రజాతులకు చెందిన బాక్టీరియా మాత్రం ఇంత సులువుగా లొంగవు. పరిస్థితులు ప్రతికూలంగా మారినప్పుడు అవి తమ జన్యుపదార్థాన్ని దళసరి పొరల మధ్య భద్రపరచుకుని సిద్ధబీజాలుగా మారతాయి. లోపలి నీరు చాలావరకు పోయి, జీవక్రియ ఆగిపోయిన ఆ స్థితిలో నూరు డిగ్రీల వేడిని అవి తట్టుకుంటాయి. పాలు చల్లారాక మళ్లీ మొలకెత్తుతాయి. మన గిన్నెలో కాచిన పాలు విరగడానికి ఒక కారణం ఇదే. గరిట నుంచి, గాలి నుంచి కొత్తగా పడే సూక్ష్మజీవులు రెండో కారణం.

సిద్ధబీజాలను చంపడానికి నూరు డిగ్రీలు దాటాలి. సీసాలో పాలు పోసి, బిరడా బిగించి, ఒత్తిడి ఉన్న ఆవిరిలో 115 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచే పద్ధతి చాలాకాలం ఉంది. ఆ పాలు నిలిచేవి. కానీ లేత గోధుమరంగుకు తిరిగేవి, మాడిన వాసన వేసేవి. పల్లెల్లో పిడకల దాలి మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాగిన పాలు ఎర్రబడటం తెలుగువాళ్లకు బాగా తెలిసిన సంగతి. రెండుచోట్లా జరిగేది ఒకే రసాయన చర్య. పాలలోని చక్కెర అయిన లాక్టోజు, మాంసకృత్తుల్లోని లైసీన్‌తో కలిసి రంగు, వాసన ఉన్న కొత్త పదార్థాలను పుట్టిస్తుంది. దీన్ని మేయార్ చర్య అంటారు. దాలి మీద కుండలో ఆ రంగు, రుచి మనం కోరుకునేవే. గ్లాసులో తాగే మామూలు పాలకు, పసిబిడ్డల ఆహారానికి అవి పనికిరావు. పైగా లైసీన్, కొన్ని విటమిన్లు ఆ చర్యల్లో నష్టపోతాం.

వేడి పెరిగితే ఏది ముందు?

సిద్ధబీజాలు చావాలి, పాలు మాత్రం పాడవకూడదు. వేడి రెండింటి మీదా పనిచేస్తుంది కాబట్టి మొదట ఇది అసాధ్యంలా కనిపిస్తుంది. ఈ చిక్కు విప్పింది సంఖ్యలే.

1921లో అమెరికాలో డబ్బా ఆహారాల పరిశోధకుడు డబ్ల్యు. డి. బిగెలో ఒక ముఖ్యమైన విషయం చూపించాడు. వేడి నిర్ణీతమైనన్ని డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సూక్ష్మజీవుల్ని చంపడానికి కావలసిన సమయం పదోవంతుకు పడిపోతుంది. సిద్ధబీజాలకు ఆ పెరుగుదల పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. రసాయన చర్యలు కూడా వేడితో వేగం పుంజుకుంటాయి, కానీ ఇంత తీవ్రంగా కాదు. వాటి వేగం పది రెట్లు కావాలంటే పాతిక నుంచి ముప్పై పైచిలుకు డిగ్రీలు పెరగాలి. వేడి పెంచుతూ సమయం తగ్గిస్తూ పోతే, బీజాలు చావడం చాలా ముందుకు పోతుంది, పాలు చెడటం వెనకబడుతుంది. యూహెచ్‌టీ అంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

జర్మనీలో మ్యూనిక్ సమీపంలోని వైహెన్‌స్టెఫాన్‌లో హెచ్. జి. కెస్లర్ బృందం ఈ రెండింటికీ కొలమానాలు ఏర్పరచింది. 135 డిగ్రీల వద్ద 10.1 సెకన్లు ఉంచితే, వేడిని ఇష్టపడే జాతుల సిద్ధబీజాల్లో వంద కోట్లకు ఒకటి మాత్రమే మిగులుతుంది. దీన్ని బీజనాశనానికి ఒక ప్రమాణంగా తీసుకున్నారు. అదే 135 డిగ్రీల వద్ద 30.5 సెకన్లు ఉంచితే బి1 విటమిన్ అయిన థయమిన్ 3 శాతం పోతుంది. దీన్ని రసాయన నష్టానికి ఒక ప్రమాణం అన్నారు. వేడి 10.5 డిగ్రీలు పెరిగితే మొదటిది పది రెట్లవుతుంది. రెండోది పది రెట్లు కావడానికి 31.4 డిగ్రీలు పెరగాలి.

ఈ సంఖ్యలతో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. 115 డిగ్రీల వద్ద ఒక ప్రమాణం బీజనాశనం జరగాలంటే సుమారు పదమూడున్నర నిమిషాలు పడుతుంది. ఆ లోపల థయమిన్ దాదాపు 17 శాతం పోతుంది. 140 డిగ్రీల వద్ద అంతే బీజనాశనానికి మూడున్నర సెకన్లలోపే చాలు. అప్పుడు పోయే థయమిన్ అర శాతం. ఒకే పాలు, చచ్చిన బీజాలూ అంతే, నష్టంలో మాత్రం ముప్పై రెట్లకు పైగా తేడా. వేడెక్కడానికీ చల్లారడానికీ పట్టే సమయాన్ని ఈ లెక్కలో కలపలేదు. ఆ సమయం దగ్గరే ప్రయోగశాల యంత్రానికి అసలు పరీక్ష మొదలవుతుంది.

కేశనాళికల కాలం

పాశ్చరీకరణ ప్రమాణాలు కూడా ఇలాంటి కొలతల్లోంచే వచ్చాయి. పాలను పెద్ద తొట్టిలో వేడిచేసి అరగంట ఉంచే పాత పద్ధతిలో అమెరికాలో 61.7 డిగ్రీలు ప్రమాణంగా ఉండేది. పాలలో బతికే హానికర జీవుల్లో క్షయ బాక్టీరియాను చంపడమే అన్నిటికంటే కష్టమని అప్పటి అవగాహన. తర్వాత క్యూ జ్వరం కలిగించే కాక్సియెల్లా బర్నెటి అంతకంటే మొండిదని బయటపడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎన్‌రైట్, సాడ్లర్, థామస్ ఆ జీవి కలిపిన పాలను రకరకాల వేడి, సమయాల్లో పరీక్షించారు. ఆ పాలు ఎక్కించిన గినీ పందులకు జబ్బు వస్తుందా లేదా అని చూశారు. 1957లో వెలువడిన వారి పరిశోధనకు అనుగుణంగా తొట్టి పద్ధతిలో వేడిని 62.8 డిగ్రీలకు పెంచారు. పెరిగింది ఒక డిగ్రీ చిల్లర మాత్రమే. ప్రయోగశాలలో అంత చిన్న తేడాను నమ్మకంగా కొలవగలిగితేనే కోట్లమంది తాగే పాల ప్రమాణాన్ని దిద్దగలం.

అరగంట పద్ధతిలో వేడెక్కడానికి ఒక నిమిషం ఎక్కువ తక్కువైనా సర్దుకోవచ్చు. 140 డిగ్రీల దగ్గర అది కుదరదు. పరీక్షనాళికలో పాలు పోసి వేడినూనెలో ముంచితే, నడిమి పాలు ఆ వేడికి చేరేలోపు అంచు పాలలోని బీజాలన్నీ ఎప్పుడో చచ్చి ఉంటాయి. మనం కొలిచేది ఏ వేడి ప్రభావమో చెప్పలేం. అమెరికాలో సి. ఆర్. స్టంబో 1948లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. చిన్న గిన్నెల్లో కొద్దిపాటి నమూనా వేసి, ఒత్తిడి ఉన్న ఆవిరిలోకి చటుక్కున నెట్టి, నిర్ణీత సమయానికి అంతే చటుక్కున బయటికి లాగే యంత్రం అది. 1954లో స్టెర్న్, ప్రాక్టర్ సన్నని గాజు కేశనాళికలు వాడారు. అంత సన్నని గొట్టంలో నమూనా వేడెక్కడానికీ, చల్లారడానికీ పట్టే సమయం చాలా తక్కువ. మూతులు కరిగించి మూసిన నాళికలను వేడి ద్రవంలో ముంచి, తీసి, చల్లటి ద్రవంలో వేస్తారు.

సూక్ష్మజీవుల మొండితనాన్ని కొలవడానికి ఈ పద్ధతులు నేటికీ పనికొస్తాయి. కానీ కేశనాళికలో పట్టేది చుక్క పాలే. వాటిని రుచి చూడలేం, ఆరు నెలలు నిలవపెట్టి చూడలేం. కర్మాగారంలో పాలు గొట్టాల్లో పారుతూ వేడెక్కుతాయి, నాళికలో కదలకుండా నిలిచి ఉంటాయి. పారే పాలకు జరిగేది తెలియాలంటే పాలను పారించే యంత్రమే కావాలి.

బల్ల మీది కర్మాగారం

ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర షిన్‌ఫీల్డ్‌లో జాతీయ పాడి పరిశోధన సంస్థ ఉండేది. హెరాల్డ్ బర్టన్ యూహెచ్‌టీ మీద దశాబ్దాల పాటు అక్కడ పనిచేసి, 1988లో ఆ విషయం మీద ప్రామాణిక గ్రంథం వెలువరించాడు. ఇవాళ అమెరికాలో మైక్రోథర్మిక్స్, ఇంగ్లండ్‌లో ఆర్మ్‌ఫీల్డ్, నెదర్లాండ్స్‌లో ఓఎంవీఈ వంటి సంస్థలు ప్రయోగశాలల కోసం చిన్న యంత్రాలను తయారుచేస్తున్నాయి. తయారీదారు ఎవరైనా లోపలి వరస ఒకటే.

మొదట స్టీలు తొట్టి, దాని కింద పంపు. ఈ పంపుకు ఎదురొత్తిడి ఎంత మారినా ప్రవాహం మారకూడదు. ప్రవాహం మారితే పాలు వేడి మీద ఉండే సమయం మారిపోతుంది. అందుకే ప్రతి చుట్టుకూ ఇంత పరిమాణమని కొలిచినట్టు నెట్టే రకం పంపును వాడతారు. తర్వాత పాలను 80, 90 డిగ్రీలకు తెచ్చే మొదటి హీటరు. ఆపైన అసలు హీటరు. ఒత్తిడి కింద వేడినీరో ఆవిరో గొట్టం చుట్టూ తిరుగుతూ, లోపలి పాలను 140 డిగ్రీలకు చేరుస్తుంది. గొట్టాలకు బదులు పలుచని స్టీలు పలకలు కూడా ఉండవచ్చు. పాలను వేడిచేయడానికి పలకల ఉష్ణ వినిమాపకాన్ని 1923లో రిచర్డ్ సెలిగ్‌మన్ రూపొందించాడు. నేటి పాల కేంద్రాలు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.

హీటరు దాటాక హోల్డింగ్ ట్యూబ్ వస్తుంది. అక్కడ కొత్తగా వేడి అందించరు. వేడి బయటికి పోకుండా కప్పిన ఆ గొట్టంలో పాలు నిర్ణీత సమయం ప్రయాణిస్తాయి. గంటకు పది లీటర్ల ప్రవాహమంటే సెకనుకు 2.8 మిల్లీలీటర్లు. నాలుగు సెకన్లకు 11 మిల్లీలీటర్ల జాగా చాలు. లోపలి వ్యాసం ఆరు మిల్లీమీటర్లున్న గొట్టంలో అది 39 సెంటీమీటర్ల పొడవు. రెండు సెకన్లు, నాలుగు, పదిహేను, ముప్పై అంటూ వేర్వేరు పొడవుల గొట్టాలను మార్చి బిగించుకునే వీలు చాలా యంత్రాల్లో ఉంటుంది. గొట్టం పాలు ముందుకు సాగే వైపు పైకి వాలుగా ఉండాలి. అమెరికా నిబంధనల్లో మీటరుకు కనీసం 2.1 సెంటీమీటర్ల వాలు ఉండాలని రాసి ఉంది. గాలిబుడగ చిక్కుకుంటే అంతమేర జాగా ఆక్రమిస్తుంది, పాలు త్వరగా దాటిపోతాయి. గాలిని బయటికి తోసేయడానికే ఆ వాలు.

తర్వాత చల్లార్చే భాగం, చివర్లో బ్యాక్ ప్రెషర్ వాల్వ్. ఈ వాల్వ్ లేకపోతే మిగతా యంత్రమంతా వృథా. నీరు 140 డిగ్రీల వద్ద ద్రవంగా ఉండాలంటే మామూలు వాతావరణ పీడనానికి 3.6 రెట్ల పీడనం కావాలి. అంతకు తగ్గితే పాలు గొట్టంలోనే మరిగి ఆవిరవుతాయి. ఆవిరి చేరిన చోట పాలు దూసుకుపోతాయి, సమయం లెక్క తప్పుతుంది. అందుకని కావలసిన దానికంటే కొంత ఎక్కువ పీడనమే ఉంచుతారు.

ఇంకో దారి కూడా ఉంది. 80 డిగ్రీల దగ్గరున్న పాలలోకి శుద్ధమైన ఆవిరిని నేరుగా వదలడం. ఆవిరి పాలలో కరిగి నీరవుతూ తన గుప్తోష్ణాన్ని ఇచ్చేస్తుంది. సెకనులో చిన్న భాగంలోనే పాలు 140 డిగ్రీలు దాటుతాయి. ఆ అరవై డిగ్రీల పెరుగుదలకు పాలలో సుమారు 11 శాతం నీరు అదనంగా చేరుతుంది. తర్వాత పాలను పీడనం తగ్గించిన గదిలోకి వదిలితే, అంత నీరూ ఆవిరై లేచిపోతుంది, పాలు ఒక్కసారిగా చల్లబడతాయి. ఇలా చేసిన పాలు తాజాపాల రుచికి దగ్గరగా ఉంటాయి. మనం లెక్కలోంచి మినహాయించిన ఎక్కే సమయం, దిగే సమయం ఇక్కడ దాదాపు లేవు కనుక ఆ మేలు దక్కుతుంది. గొట్టపు గోడ ద్వారా వేడిచేసే యంత్రంలో 90 నుంచి 140 డిగ్రీలకు ఎక్కడానికే చాలా సెకన్లు పట్టవచ్చు. ఆ సెకన్లలో బీజాలకు జరిగే నష్టం తక్కువ, పాలకు జరిగే నష్టం ఎక్కువ. కాబట్టి ఒక యంత్రంలో చేసిన పాలను ఇంకో యంత్రంలో చేసిన పాలతో పోల్చాలంటే 140, 4 అన్న రెండు అంకెలు చాలవు. ప్రతి సెకనుకూ పాలు ఎంత వేడిలో ఉన్నాయో చూపించే పూర్తి గీత కావాలి.

ఆ గీతను గీయడానికి థర్మామీటర్లు అతి ఖచ్చితంగా ఉండాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం, వేడి ఒక డిగ్రీ తప్పుగా చూపిస్తే బీజనాశనం లెక్క పాతిక శాతం తప్పుతుంది. రెండు డిగ్రీలు తప్పితే యాభై శాతం దాటుతుంది. అందుకే హోల్డింగ్ ట్యూబ్ మొదట్లోనూ చివరా వేడిని కొలుస్తారు, ఆ కొలతసాధనాలను ప్రామాణిక థర్మామీటరుతో తరచూ సరిచూస్తారు.

ఎవరి నాలుగు సెకన్లు?

గొట్టంలో పాలు నాలుగు సెకన్లుంటాయని చెప్పినప్పుడు అది సగటు మాత్రమే. కాలువలో నడిమి నీరు జోరుగా పోతుంటే గట్టు పక్కన నీరు నిదానంగా పోయినట్టు, గొట్టం మధ్యలో పాలు వేగంగా, గోడ పక్కన మెల్లగా సాగుతాయి. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టంలో పారే నీటిలోకి రంగు వదిలి, ప్రవాహాలు రెండు రకాలని చూపించాడు. నెమ్మదిగా పారేటప్పుడు ద్రవం పొరలుపొరలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా సాగుతుంది. జోరు ఒక హద్దు దాటితే సుడులు పుట్టి అంతా కలగలిసిపోతుంది. ద్రవం జోరు, గొట్టం వెడల్పు, ద్రవం చిక్కదనం కలిపి లెక్కించే రేనాల్డ్స్ సంఖ్య రమారమి రెండు వేలకు తక్కువైతే మొదటి రకం, అంతకు బాగా మించితే రెండో రకం.

గంటకు పదివేల లీటర్లు నడిచే కర్మాగారంలో, అయిదు సెంటీమీటర్ల గొట్టంలో ఈ సంఖ్య లక్ష దాటుతుంది. అక్కడ పాలు బాగా కలిసిపోతూ సాగుతాయి, అన్నిటికీ దాదాపు ఒకే సమయం దక్కుతుంది. మన ఆరు మిల్లీమీటర్ల గొట్టంలో గంటకు పది లీటర్ల ప్రవాహానికి అది రెండు వేలకు లోపే ఉంటుంది. పొరలుగా సాగే ప్రవాహంలో నడిమి ధార వేగం సగటుకు రెట్టింపు. అంటే నడుమ సాగే పాలకు నాలుగు సెకన్లు దక్కవు, రెండే దక్కుతాయి. సగటున బీజాల సంఖ్య వరసగా పదిసార్లు పదోవంతుకు తగ్గాల్సిన చోట, నడిమి ధారలో అయిదుసార్లే తగ్గుతుంది. గోడ పక్కన పాలేమో అవసరానికి మించి ఉడుకుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పంపు దగ్గర చల్లగా ఉన్నప్పుడు కొలిచిన పాలు 140 డిగ్రీలకు వ్యాకోచిస్తాయి. నీటి లెక్కే తీసుకుంటే ఆ పెరుగుదల 8 శాతం దగ్గరుంటుంది. ఆ మేరకు వేగం పెరిగి సగటు సమయం కూడా తగ్గిపోతుంది.

అందుకే భద్రతను సగటుతో కాకుండా అన్నిటికంటే వేగంగా దాటే పాలతో లెక్కిస్తారు. దాన్ని కొలిచే పద్ధతి చాలా సరళమైనది. గొట్టం మొదట్లో పారే నీటిలోకి కాస్త ఉప్పునీరు చిమ్ముతారు. ఉప్పునీటికి విద్యుత్తును ప్రసరింపజేసే గుణం ఎక్కువ కనుక, అవతలి కొసన ఉన్న సాధనం దాని తొలి జాడనే పట్టేస్తుంది. చిమ్మడానికీ తొలి జాడకూ మధ్య గడిచిన సమయమే లెక్కలోకి వస్తుంది. చిన్న యంత్రాల్లో గొట్టాన్ని చుట్టలుగా తిప్పితే, వంపుల్లో ద్రవం అడ్డంగా కూడా తిరిగి, నడిమి పాలు, అంచు పాలు కొంత కలుస్తాయి. దాంతో తేడా తగ్గుతుంది.

యంత్రం తీరు ఫలితాన్ని ఎంతగా మార్చగలదో ఒక వివాదం స్పష్టంగా చూపించింది. పశువుల్లో యోనే వ్యాధి కలిగించే మైకోబాక్టీరియం ఒకటుంది. మనుషుల్లో క్రోన్స్ అనే పేగు జబ్బుకూ దానికీ సంబంధం ఉండొచ్చన్న అనుమానంతో, అది పాశ్చరీకరణలో చస్తుందా అని 1990లలో పరీక్షించారు. బెల్‌ఫాస్ట్‌లో ఐరీన్ గ్రాంట్ బృందం చేసిన ప్రయోగశాల పరీక్షల్లో, 72 డిగ్రీల వద్ద పదిహేను సెకన్ల తర్వాత కూడా కొన్ని బతికి కనిపించాయి. అమెరికాలో అయోవా రాష్ట్రం ఏమ్స్‌లో జూడిత్ స్టేబెల్ బృందం, పాలను సుడులు తిరిగేలా పారించే ప్రయోగశాల పాశ్చరైజర్‌తో పరీక్షించి, ఆ వేడికి అవి చస్తున్నాయని 1997లో ప్రకటించింది. నిలిచిన పాలు, పారే పాలు, ముద్దకట్టిన బాక్టీరియా, విడివిడిగా ఉన్న బాక్టీరియా, వీటిలో ఏది అసలు పాలకు దగ్గర అన్న చర్చ ఏళ్ల తరబడి సాగింది. తర్వాత గ్రాంట్ బృందం పెద్ద పాశ్చరైజర్‌తో చేసిన పరీక్షల్లోనూ అప్పుడప్పుడు కొద్దిపాటి జీవులు మిగిలాయి. ముందుజాగ్రత్తగా బ్రిటన్‌లో చాలా డెయిరీలు సమయాన్ని పదిహేను నుంచి ఇరవై అయిదు సెకన్లకు పెంచాయి. ఏ యంత్రంలో ఎలా పారించారో చెప్పకుండా ఇచ్చిన ఫలితం సగం ఫలితమేనని ఈ వివాదం పరిశోధకులకు గట్టిగా నేర్పింది.

అడుగంటే పాలు

ఇంట్లో పాలు అడుగంటినట్టే యంత్రంలోనూ అంటుకుంటాయి. బర్టన్ ఈ మడ్డిని రెండు రకాలుగా విభజించాడు. 75 నుంచి 110 డిగ్రీల మధ్య పేరుకునేది మెత్తగా, తెల్లగా ఉంటుంది. అందులో మాంసకృత్తులు ఎక్కువ. పాలవిరుగుడు నీటిలో ఉండే బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తి అణువులు 70 డిగ్రీలు దాటాక విప్పారి, లోపల దాగిన గంధకపు అణుసమూహాలు బయటపడి, ఒకదానికొకటి అంటుకుంటాయి. కాచిన పాల వాసనకు కూడా ఇదే మూలం. 110 డిగ్రీలు దాటాక పేరుకునే మడ్డి గట్టిగా, గరుగ్గా ఉంటుంది. అందులో ఖనిజాలు ఎక్కువ. కాల్షియం ఫాస్ఫేటు వేడి పెరిగేకొద్దీ నీటిలో తక్కువగా కరుగుతుంది కనుక అక్కడ బయటపడి గోడకు పడుతుంది.

సన్నని గొట్టాల ప్రయోగశాల యంత్రంలో ఈ మడ్డి త్వరగా తెలిసిపోతుంది. పీడనం పెరుగుతుంది. అంతే వేడి పాలకు అందాలంటే చుట్టూ తిరిగే వేడినీటిని ఇంకా వేడెక్కించాల్సి వస్తుంది. ఆ పెరుగుదలను కొలిచి, ఏ పాలు ఎంత త్వరగా అంటుకుంటాయో పరిశోధకులు పోల్చిచూస్తారు. అసలు హీటరుకు ముందు పాలను 90 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే, బీటా లాక్టోగ్లోబ్యులిన్ అక్కడే విప్పారి తర్వాత అంటుకోవడం తగ్గుతుందని ఇలాంటి పరీక్షల్లోనే తేలింది. పని అయ్యాక మాంసకృత్తుల మడ్డికి వేడి కాస్టిక్ సోడా ద్రావణాన్ని, ఖనిజాల మడ్డికి నైట్రిక్ ఆమ్లాన్ని వరసగా పారిస్తారు.

పని మొదలుపెట్టే ముందు యంత్రాన్నే శుద్ధిచేయాలి. ఒత్తిడి కింద ఉన్న అతివేడి నీటిని సుమారు అరగంట సేపు అన్ని భాగాల్లోనూ తిప్పుతారు. ఆ నీరు తిరుగుతుండగానే పాలకు మళ్లించి, నీళ్లు కలిసిన మొదటి భాగాన్ని పారబోస్తారు. వడగట్టిన శుద్ధమైన గాలి వీచే చిన్న అరలో సీసాలను నింపుతారు. అక్కడ చేయి జారితే నాలుగు సెకన్ల శ్రమంతా పోయినట్టే.

చచ్చాయని ఎలా చెప్పగలం?

యాభై సీసాలు నింపి, ఒక్కటీ పాడవలేదని చూపిస్తే పద్ధతి సరైనదని రుజువైనట్టా? కర్మాగారంలో పదివేల పెట్టెలకు ఒకటి పాడయినా అది పెద్ద లోపమే. యాభై సీసాలు ఆ సంగతి చెప్పలేవు. అందుకే ప్రయోగశాలలో ఉద్దేశపూర్వకంగా భారీ సంఖ్యలో సిద్ధబీజాలు కలిపి పంపుతారు. జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే హాని చేయని, అతిమొండి జాతిని ఇందుకు వాడతారు. మిల్లీలీటరుకు పది లక్షల బీజాలతో మొదలుపెట్టి, బయటికి వచ్చినవాటిని పెంచి లెక్కిస్తే, ఎన్ని పదోవంతులు తగ్గాయో తెలుస్తుంది. బాటులిజం అనే జబ్బు కలిగించే ప్రమాదకరమైన జాతిని యంత్రంలోకి తీసుకురావలసిన పనిలేదు.

దీనితోపాటు పాలను నిలవపెట్టి చూస్తారు. ఐరోపా నిబంధనల ప్రకారం మూసిన పెట్టెను 30 డిగ్రీల వద్ద పదిహేను రోజులు, లేదా 55 డిగ్రీల వద్ద ఏడు రోజులు ఉంచినా పాలు చెడకూడదు. పాలు అతిగా ఉడికాయా అన్నది లాక్టులోజ్ చెబుతుంది. పచ్చిపాలలో దాదాపు ఉండని ఈ చక్కెర వేడికి లాక్టోజులోంచే పుడుతుంది. లీటరుకు 600 మిల్లీగ్రాములు మించితే ఆ పాలు యూహెచ్‌టీ కావు, సీసాలో ఉడికించిన రకం కిందకు వస్తాయి. పాశ్చరీకరణకు ఇంకో సూచిక ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము సరైన పాశ్చరీకరణలో నశిస్తుంది. అది మిగిలి ఉంటే పాలకు వేడి చాలలేదన్నమాట. షిన్‌ఫీల్డ్‌లో కే, గ్రాహం 1930లలో రూపొందించిన ఈ పరీక్షను పాల కేంద్రాలు నేటికీ వాడుతున్నాయి.

బీజాలన్నీ చచ్చినా పాలు పాడయ్యే సందర్భం ఒకటుంది. పచ్చిపాలను ఎక్కువ రోజులు చల్లగా నిలవ ఉంచితే స్యూడోమొనాస్ జాతులు పెరిగి, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు వదులుతాయి. ఆ జీవులు 72 డిగ్రీలకే చస్తాయి. వాటి ఎంజైములు కొన్ని 140 డిగ్రీలను కూడా తట్టుకుంటాయి. నెలలు గడిచాక పాలు చేదెక్కుతాయి, లేదా పెట్టెలోనే జెల్లీలా గడ్డకడతాయి. పశువు దగ్గర పాలు శుభ్రంగా లేకపోతే ఏ యంత్రమూ వాటిని పూర్తిగా బాగుచేయలేదు.

మన గేదె పాల సంగతి

ఈ సంఖ్యల్లో చాలావాటిని ఐరోపా, అమెరికాల్లో ఆవుపాల మీద కొలిచారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గేదె పాలది పెద్ద వాటా. గేదె పాలలో కొవ్వు, కేసీన్ అనే మాంసకృత్తి, కాల్షియం ఆవుపాల కంటే ఎక్కువ. గొట్టానికి పేరుకునే మడ్డి, పెట్టె అడుగున చేరే మష్టు, నిలవలో గడ్డకట్టే తీరు ఇవన్నీ కాల్షియంతో, కేసీన్‌తో ముడిపడినవే. కాబట్టి ఆవుపాల లెక్కలు గేదె పాలకు నేరుగా సరిపోతాయని అనుకోకూడదు. ఎండాకాలపు పాలకూ చలికాలపు పాలకూ, పచ్చగడ్డి మేసిన పశువు పాలకూ ఎండుమేత తిన్న పశువు పాలకూ కూడా తేడా ఉంటుంది. ఈ తేడాలను కర్మాగారంలో కొలవలేం. పది ఇరవై లీటర్లతో పనిచేసే చిన్న యంత్రం మీద ఒక ఊరి పాలను, ఒక కాలపు పాలను విడివిడిగా పరీక్షించవచ్చు. రాగిమాల్టు కలిపిన పాలు, బాదంపాలు, మసాలా మజ్జిగ వంటి మన పానీయాలకు ఎంత వేడి, ఎన్ని సెకన్లు కావాలన్నది కూడా అలాగే తేల్చాలి. పిండిపదార్థం కలిస్తే చిక్కదనం పెరుగుతుంది, గొట్టంలో ప్రవాహం తీరు మారుతుంది, మన లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. తిరుపతిలో, కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాలలు ఉన్నాయి. అక్కడ చదివే పిల్లల ముందు ఈ పని విస్తారంగా ఉంది.

పెట్టెపాలు తోడుకోవని మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. మంచి తోడు వేస్తే తోడుకుంటాయి. వాటిలో సొంతంగా బాక్టీరియా ఏదీ లేదు కనుక తోడు వేయకుండా పులవవు. గడ్డ మాత్రం కాస్త పలచగా రావచ్చు. ఇంట్లో నిదానంగా కాచినప్పుడు పాలవిరుగుడు మాంసకృత్తులు కేసీన్‌తో కలిసే తీరు వేరు, నాలుగు సెకన్లలో కలిసే తీరు వేరు. పాలకు వేడి ఎలా తగిలిందన్న చరిత్ర పెరుగు గడ్డదాకా వెంటవస్తుంది.

ఇకమీదట పాల గురించి ఎవరైనా ఇన్ని డిగ్రీలు, ఇన్ని సెకన్లు అని చెబితే పాఠకులు ధైర్యంగా మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఆ వేడికి చేరడానికీ దిగడానికీ ఎంతసేపు పట్టింది? అన్నిటికంటే వేగంగా దాటిన పాలకు ఎన్ని సెకన్లు దక్కాయి? ఆ థర్మామీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగల ప్రయోగశాల చిన్నదైనా, గంటకు పది లీటర్ల పాల మీద అది తేల్చిన విషయాన్ని లక్షల లీటర్లు నడిపే కర్మాగారం నిశ్చింతగా పాటించవచ్చు. జవాబు లేకపోతే యంత్రం ఎంత పెద్దదైనా, దాని అంకెలను మళ్లీ కొలవాల్సిందే.